సభ్యురాలు ముత్యం గారి స్థల ఎంపిక

దొండవాగు పట్టణంలో ఉన్న గుర్రాలన్నీ కలిపి లెక్కపెడితే ఒకటి. చక్రాల మీద నడిచే ఇల్లు, అదే క్యారవాన్, అయితే ఒక్కటి కూడా లేదు. అయినా ఆ వేసవిలో, గుర్రాలతో సహా కుటుంబ సమేతంగా క్యారవాన్లలో తిరిగే యాత్రికుల కోసం ఆ ఊళ్ళో ఒక విడిది మైదానం వెలిసి తీరాలని పైవాళ్ళు పట్టుబట్టారు. పెద్దాయన ఒకరు విదేశం వెళ్ళి, అక్కడెవరో ఇంటిబండి ముందు కుర్చీలేసుకుని రొట్టెలు కాల్చుకుంటుంటే పక్కనే గుర్రం గడ్డి మేయడం చూసి ముచ్చటపడి ఫొటో తీసుకొచ్చారట. ఆ ఫొటో నివేదిక అయింది, నివేదిక విధానం అయింది, విధానం జీవో అయింది. దొండవాగు చేరేసరికి ఆ జీవోలో ఇరవై ఎనిమిది నిబంధనలున్నాయి.

ఊళ్ళో ఉన్న ఆ ఒక్క గుర్రం నాగుల్ మీరాది. తెల్లటి ఆడగుర్రం, పేరు ముత్యం. పెళ్ళికొడుకుల్ని వీపు మీద మోస్తూ బ్యాండు మేళం వెనకాల నడవడం దాని ఉద్యోగం. రైలుగేటు దగ్గర పాత జట్కా స్టాండులో నాగుల్ మీరా, అతని భార్య మౌలాబీ, ముత్యం కాపురముంటారు. ఒకప్పుడు అక్కడ నలభై జట్కాలు నిలబడేవి. జట్కావాళ్ళ సంఘానికి అప్పటి పంచాయతీ ప్రెసిడెంటు నోటిమాటగా ఇచ్చిన జాగా అది. ఆటోలొచ్చి జట్కాలు పోయాయి, సంఘం పోయింది, నోటిమాట ఇచ్చిన మనిషీ పోయాడు. నాగుల్ మీరా ఒక్కడు మిగిలాడు, రెండు గదుల రేకుల ఇంటితో, ఒక కొట్టంతో, గుర్రాలు నీళ్ళు తాగే రాతితొట్టితో. ఆ జాగా తనదని చెప్పడానికి అతని దగ్గర కాగితం ముక్క లేదు. ఆ బెంగ మాత్రం ఎప్పుడూ ఉంది.

ఒక రోజు పొద్దున్నే విడిది మైదానాల సంస్థ సూపరింటెండెంటు కమలకుమారి ఫైలు చంకలో పెట్టుకుని వచ్చింది. నిబంధన అంటే ప్రాణం పెట్టే మనిషి. ఇంట్లో కూడా ఉప్పు ఎంత వెయ్యాలో రాసి పెట్టుకుంటుందని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ముత్యం గారు ఉన్నారా?" అని అడిగింది.

"గారు ఎవరూ లేరమ్మా, గుర్రం ఉంది," అన్నాడు నాగుల్ మీరా.

"ఆవిడ కోసమే వచ్చాను."

ఆవిడ వివరంగానే చెప్పింది. స్థలం ఎంపికలో లబ్ధిదారుల అభిప్రాయమే ప్రామాణికమని పదకొండో నిబంధన. లబ్ధిదారులంటే కుటుంబం, క్యారవాన్, గుర్రం. కాబట్టి ఎంపిక కమిటీలో ఒక కుటుంబం, ఒక క్యారవాన్, ఒక గుర్రం సభ్యులుగా ఉండాలి. గుర్రం కోటాలో పోటీ లేదు గనుక ముత్యం ఏకగ్రీవంగా ఎన్నికైంది. పదవీకాలం మూడేళ్ళు.

"దానికేం తెలుసమ్మా? గడ్డి, నీళ్ళు, ఇల్లు. అంతే గదా."

"సభ్యుల విద్యార్హత గురించి జీవోలో ఏమీ లేదండీ," అంది కమలకుమారి.

నియామకపత్రం అందినట్టు గిట్టముద్ర కావాలి. ఏ కాలిదో జీవోలో రాయలేదు. ఎందుకైనా మంచిదని ఆవిడ నాలుగు కాళ్ళదీ వేయించింది, మూడు ప్రతుల మీద. మౌలాబీ నీలం సిరా కడగలేక తల పట్టుకుంది. తెల్ల గుర్రం కాళ్ళకి నీలం మేజోళ్ళు వేసినట్టు తయారైంది.

అంతటితో పోయినా బాగుండేది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, ప్రవర్తనా నియమావళి కూడా చదివి వినిపించింది. కమిటీ సభ్యులు పదవిలో ఉన్నంతకాలం ప్రైవేటు పనులు చేయరాదు. అంటే పెళ్ళిళ్ళకి వెళ్ళరాదు. ఊరేగింపులో పెళ్ళికొడుకు మేనమామ రాజకీయాల్లో ఉంటే, సభ్యురాలు ఒక వర్గాన్ని మోసినట్టు అవుతుందని ఆవిడ సందేహం. ఆ ఆదివారం బియ్యం మిల్లు వారింటి పెళ్ళికొడుకు ట్రాక్టరు బానెట్టు మీద కూర్చుని ఊరేగాడు. దారిపొడవునా ఒళ్ళు కాలుతోందని లేచి నిలబడుతూనే ఉన్నాడట.

మొదటి సమావేశం సంస్థ ఆఫీసులో జరిగింది. సభ్యురాలు మేడ మెట్లెక్కనని మొండికేయడంతో, కోరం కోసం కమిటీయే కిందికి దిగి వచ్చి సైకిలు షెడ్డులో కూర్చుంది. అధ్యక్షులు ప్రాంతీయ సంచాలకులు విశ్వపతి గారు. ఆయన మాట్లాడితే పత్రికా ప్రకటన చదివినట్టుంటుంది. కుటుంబం ఎక్కడో వెతకడం దేనికని తన కుటుంబాన్నే సభ్యులుగా వేసుకున్నారు, భార్యని, అత్తగారిని. క్యారవాన్ దొరకలేదు. వెతగ్గా వెతగ్గా మూలపడ్డ సంచార గ్రంథాలయం వ్యాను ఒకటి దొరికింది. ఇంజను ఎప్పుడో ఊడదీశారు. లోపల అలమారాలు పీకి, రెండు పరుపులు పరిచి, కిటికీలకి పూల కర్టెన్లు వేసి, దానికీ సభ్యత్వం ఇచ్చారు. సాంకేతిక సభ్యుడిగా పశువైద్యుడు ఏసుదాసు గారు ఉన్నారు. నెమ్మదైన మనిషి, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటాడు.

"ఈ చారిత్రాత్మక సందర్భంలో," అన్నారు విశ్వపతి గారు, "అశ్వ సముదాయపు ఆకాంక్షలకు అద్దం పట్టే విధంగా, పారదర్శకంగా, స్థలాన్ని గుర్తించాల్సిన గురుతర బాధ్యత మన భుజస్కంధాలపై ఉంది."

ఎజెండా సభ్యురాలికి చదివి వినిపించారు. సభ్యురాలు తోకతో ఈగ తోలుకుంది. అభ్యంతరం లేనట్టు మినిట్స్‌లో రాశారు. ఎంపిక పద్ధతి కూడా అక్కడే ఖరారైంది. చూసిన ప్రతి స్థలంలోనూ కళ్ళెం వదిలేయాలి. సభ్యురాలు తన ఇష్టప్రకారం ముప్పై నిమిషాలకు తక్కువ కాకుండా నిలబడి, మేసి, నీళ్ళు తాగితే అది ఆమోదం. వెళ్ళిపోతే తిరస్కారం. యజమాని ప్రభావం సభ్యురాలిపై పడకుండా అతను రెండు వందల గజాల దూరంలో ఉండాలి.

"నేను పక్కన లేకపోతే అది ఆగదు సార్," అన్నాడు నాగుల్ మీరా.

"అందుకేనయ్యా నిన్ను దూరంగా ఉండమనేది," అన్నారు సంచాలకులు.

పర్యటన రోజు వచ్చింది. క్యారవాన్ సభ్యుడు కూడా స్థలాలు చూసి తీరాలి. ఇంజను లేదు. లాగడానికి ఆఫీసు జీపు పెడదామంటే, స్వతంత్రంగా ప్రయాణించే క్యారవాన్‌ను ప్రభుత్వ వాహనం లాగితే దాని స్వతంత్రతకి భంగమని కమలకుమారి నోట్ పెట్టింది. సాటి సభ్యురాలు లాగితే అభ్యంతరం లేదు. అలా ముత్యాన్ని వ్యానుకి కట్టారు. లోపల పరుపుల మీద సంచాలకులు, వారి కుటుంబం, డాక్టరు, కమలకుమారి, పులిహోర గిన్నె, హాజరు పట్టీ సర్దుకున్నారు. జనం రోడ్డు పక్కన నిలబడి చూశారు. పెళ్ళి ఎవరిదని ఒకరిద్దరు అడిగారు కూడా.

నాగుల్ మీరా రెండు వందల గజాల వెనక సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. ముత్యం మెడ నరాలు తేలి లాగుతుంటే జోరుగా తొక్కబోయి, గజాల లెక్క గుర్తొచ్చి తగ్గాడు. పుట్టి బుద్ధెరిగాక దాని మీద ఒక పెళ్ళికొడుకుని మించి బరువు పెట్టి ఎరగడు.

మొదటి స్థలం రిజర్వాయరు గట్టు. చల్లగాలి, పచ్చగడ్డి, చుట్టూ కొండలు. నిజానికి ఎవరైనా గుర్రాన్ని తీసుకొచ్చి దిగాలంటే అంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు. కళ్ళెం వదిలారు. ముత్యం గడ్డి రెండు పళ్ళతో కొరికి, తలెత్తి వెనక్కి చూసి, యజమాని కనపడక, వ్యానుతో సహా వచ్చిన దారి పట్టింది. తిరస్కారమని రాశారు. కారణం కాలమ్‌లో, సభ్యురాలు ప్రకృతి సౌందర్యం పట్ల విముఖత వ్యక్తం చేశారని చేర్చారు. రెండోది కంకర క్వారీ పక్క బీడు. అక్కడా అంతే. మూడోది జీడిమామిడి తోట, రైలుగేటుకి మూడు కిలోమీటర్లు. అప్పటికి పన్నెండు దాటింది. అత్తగారు పులిహోర వడ్డిద్దామని మూత తీశారు.

కళ్ళెం వదలగానే ముత్యం చెవులు నిక్కబొడుచుకుంది. అక్కణ్ణించి దారి పల్లం. దానికి తెలిసిన దారి. నాగుల్ మీరా దూరం నుంచి అరిచేలోపే అది దౌడు తీసింది. దాని వెనక వ్యాను, వ్యానులో పూల కర్టెన్లు, కర్టెన్ల వెనక సంచాలకుల వారి కేకలు. పులిహోర రోడ్డు పొడవునా పడింది. రైలుగేటు అదృష్టవశాత్తు తెరిచే ఉంది. జట్కా స్టాండులోకి వచ్చి రాతితొట్టి దగ్గర ఆగింది ముత్యం. కడుపునిండా నీళ్ళు తాగింది. మౌలాబీ గబగబా వ్యాను విప్పి గడ్డి వేస్తే తిన్నది. దుమ్ములో వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ ఆడించి పొర్లింది.

గొలుసు తెగిన సైకిలు నెట్టుకుంటూ నాగుల్ మీరా రొప్పుతూ వచ్చేసరికి కమలకుమారి జుట్టులో మెతుకులతో, చేతిలో గడియారంతో, దాని పక్కనే నిలబడి ఉంది.

"నలభై రెండు నిమిషాలు," అంది. "మేత, నీరు, విశ్రాంతి. మూడు షరతులూ పూర్తయ్యాయి సార్."

విశ్వపతి గారు నుదుటి మీద బొప్పి తడుముకుంటూ వ్యాను దిగారు. చుట్టూ చూశారు. రేకుల ఇల్లు, కొట్టం, తొట్టి. ఆయన ముఖం వెలిగింది. ఇక పర్యటనలు చేయక్కర్లేదన్న సంతోషం అది.

"అది ఇంటికొచ్చింది సార్," అన్నాడు నాగుల్ మీరా. "ఎంచుకోవడం కాదు, ఇంటికొచ్చింది, అంతే."

"జిల్లా అంతా చూపించాం. తన స్వేచ్ఛతో ఇదే కావాలంది. ఇంతకు మించిన ప్రజాస్వామ్యం ఎక్కడుంటుందయ్యా?" అన్నారాయన.

పదిహేను రోజుల్లో జాగా ఖాళీ చేయాలని నోటీసు వచ్చింది. గోడకి అంటించి పోయారు. మర్నాడు ఇనుప బోర్డు కూడా పాతారు, అశ్వానుకూల కుటుంబ క్యారవాన్ విడిది మైదానమని. మౌలాబీ ఆ బోర్డు మీద గుడ్డలు ఆరేసింది. సాయంత్రానికి కమలకుమారి వచ్చి మర్యాదగా తీయించింది.

"మేం పోతాం సరే, గుర్రం ఉండొచ్చు గదమ్మా?" అని అడిగాడు నాగుల్ మీరా. "గుర్రాల కోసమే గదా కట్టేది?"

కమలకుమారి ఫైలు తిరగేసింది. ఆవిడకి నిజంగానే జాలేసింది, కానీ పంతొమ్మిదో నిబంధన స్పష్టంగా ఉంది. ఎంపికలో పాల్గొన్న సభ్యులు ఆ ఎంపిక వల్ల లబ్ధి పొందరాదు. ఊళ్ళో ఏ గుర్రమైనా ఆ మైదానంలో ఉండొచ్చు, ముత్యం తప్ప. పైగా క్యారవాన్ లేకుండా వచ్చే గుర్రాన్ని విచ్చలవిడిగా తిరిగే పశువు కింద లెక్కగట్టి బందెలదొడ్డికి తోలాలి.

ఆ పదిహేను రోజుల్లో పది, అర్జీలు పట్టుకుని తిరగడంతో గడిచాయి. చివరికి సంచాలకుల గది దొరికింది.

"నీ బాధ నాకు అర్థమైంది," అన్నారు విశ్వపతి గారు. "కానీ ఎంపిక చేసింది నేను కాదే. సభ్యురాలు. ఆవిడ నిర్ణయాన్ని మార్చే అధికారం నాకు లేదు, ఆవిడకే ఉంది. కావాలంటే పునస్సమీక్ష కోరమను."

"గుర్రాన్నా సార్?"

"స్వయంగా హాజరు కావాలి. సోమవారం సెలవు, ఆఫీసుండదు. పదింటికి నా బంగళాకి తీసుకురా. వచ్చినట్టు రాసుకుని, విని, కొట్టేస్తాను. నీకూ తృప్తిగా ఉంటుంది."

నాగుల్ మీరా ఇంటికొచ్చి కొట్టంలో గుంజకి ఆనుకుని కూలబడ్డాడు. వాళ్ళ నాయన అదే గుంజకి నాలుగు తరాల గుర్రాల్ని కట్టాడు. ఏడుపొస్తే ఆపుకోలేదు. మౌలాబీ సంగతంతా విని, కాసేపు ఏడవనిచ్చి, తర్వాత దగ్గరికొచ్చింది.

"ఏందయ్యా, ఆయన ఇల్లు చూశావా నువ్వు?" అంది.

"దేనికి?"

"నేను చూశా, కూరలమ్మేటప్పుడు. ముందంతా పచ్చికే. ఎక్కడో నర్సరీ నుంచి చాపల మాదిరి చుట్టి తెప్పిచ్చాడంట. ఆయన చెప్పులేసుకుని కూడా తొక్కడు. తామరపూల తొట్టి కూడా ఉంది."

"అయితే?"

"అయితే ఏంలేదు. సోమవారం పొద్దున దీనికి దాణా పెట్టమాక. నువ్వు మాత్రం గేటు లోపలే, దాని కంటికి కనపడేట్టు నిలబడు. రెండొందల గజాలనేది పర్యటనకే గదా, ఆ కమలకుమారమ్మనే అడిగి తెలుసుకున్నా."

నాగుల్ మీరా భార్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో భార్యంటే అతనికి అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

సోమవారం పదింటికి పునస్సమీక్ష మొదలైంది. విశ్వపతి గారు వరండాలో పడకకుర్చీ వేయించుకుని, ఫైలు తెరిచి, "సభ్యురాలు తన వాదన వినిపించవచ్చు," అన్నారు. సెలవైనా గడియారంతో హాజరైన కమలకుమారి నిబంధన ప్రకారం కళ్ళెం వదిలింది.

సభ్యురాలు వాదన వినిపించింది. ముందు పచ్చిక అంచున మొదలుపెట్టి, ఆకలిమీదుందేమో, వరసగా గేటు దాకా వచ్చింది. మధ్యలో ఒకసారి తలెత్తి నాగుల్ మీరా ఉన్నాడో లేడో చూసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. తర్వాత తొట్టిలో మూతి పెట్టి నీళ్ళు తాగింది, వాటితోపాటు రెండు తామర మొగ్గలు కూడా నమిలింది. ఆపైన మిగిలిన పచ్చిక మీద వెల్లకిలా పడి పొర్లింది. మొదటి కొరుకు నుంచీ సంచాలకులు హా హా అంటూ పరిగెత్తుకొస్తూనే ఉన్నారు. కమలకుమారి అడ్డం నిలబడుతూనే ఉంది.

"సార్, ప్రభావితం చేయకూడదు."

"అది నా లాన్ అమ్మా!"

"అవును సార్. అరవై ఎనిమిది నిమిషాలు. పాత స్థలంలో నలభై రెండే. సభ్యురాలు అభిప్రాయం మార్చుకున్నారు. జట్కా స్టాండు రద్దు, ఈ బంగళా ఖరారు. పదిహేను రోజుల్లో మీరు ఖాళీ చేయాల్సి ఉంటుంది సార్. నోటీసు రేపు పంపుతాను."

అత్తగారు వరండాలోంచి, "ఇదేం అన్యాయమమ్మా, ఉన్న ఇంట్లోంచి వెళ్ళగొడితే ఎక్కడికి పోతాం మేం?" అంది. ఆ మాట విని నాగుల్ మీరా తలొంచుకున్నాడు. నవ్వొచ్చి కాదు. పది రోజులుగా తన ఇంట్లో మౌలాబీ అంటున్న మాట అదే.

విశ్వపతి గారు మొదటిసారి ఒక్క మాటతో సరిపెట్టారు. "రాయొద్దు," అన్నారు.

"రాసేశాను సార్. మూడు ప్రతులు."

ముత్యం లేచి మిగిలిన పచ్చిక మీద పడింది. తర్వాత సంచాలకుల వారి బుర్ర చురుగ్గా పని చేయడం మొదలుపెట్టింది. డాక్టరు ఏసుదాసు గారికి ఫోను వెళ్ళింది. సభ్యురాలికి మతిస్థిమితం లేదని తేలితే ఆవిడ చేసిన నిర్ణయాలన్నీ మొదటి నుంచీ చెల్లవు, సభ్యత్వమూ పోతుందని ఇరవై ఏడో నిబంధన. జట్కా స్టాండూ చెల్లదు, బంగళా కూడా చెల్లదు.

డాక్టరు గారు వచ్చి ముత్యం కళ్ళు చూశారు, చెవులు చూశారు, మెడ నిమిరారు. పిచ్చి ధ్రువీకరణ పత్రం మీద పేరు, రంగు, వయసు నింపారు. లక్షణాలనే కాలమ్ దగ్గర కలం ఆగింది.

"లాన్ సంగతి రాయొద్దు," అన్నారు సంచాలకులు. "బంగళా పేరు రికార్డులోకి రాకూడదు."

డాక్టరు గారు కాసేపు ఆలోచించి ఒక్క వాక్యం రాశారు. సంరక్షకుడిగా నాగుల్ మీరా సంతకం పెట్టాలి. పెడితే ముత్యం మళ్ళీ అతని గుర్రం, జాగా జాగాగానే ఉంటుంది. పెట్టకపోతే మూడేళ్ళ పదవి తీరేదాకా దానికి పెళ్ళిళ్ళు లేవు, జాగా మీదికి సంచాలకులు మళ్ళీ వస్తారు. కలం అందుకుని మళ్ళీ తిరిగి ఇవ్వబోయాడు. ఇంతమందిలో బుద్ధిగా ఉన్నది అదొక్కటే, దానికి పిచ్చని తను ఎలా రాసివ్వడం? అవమానం తనకే జరిగినట్టు చెవులు వేడెక్కాయి.

"చదివి పెట్టవయ్యా," అన్నారు డాక్టరు గారు మెల్లగా.

నాగుల్ మీరా కూడబలుక్కుంటూ చదివాడు. సదరు గుర్రమును ఎక్కడికి తీసుకుపోయినను, ఎంత మంచి స్థలము చూపినను, తిరిగి తన ఇంటికే పోవుచున్నది, అని ఉంది.

సంతకం పెట్టి కాగితం ఆయన చేతికిచ్చాడు.

"ఈ జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది సార్," అన్నాడు.

కళ్ళెం చేతికి చుట్టుకుని గేటు దాటాడు. రోడ్డు మీదికి రాగానే ముత్యం ముందు నడిచింది, అతను దాని వెనకాలే వెళ్ళాడు.